పొడవైన గొలుసును నమ్మిన ప్రొఫెసర్



ఈ సాయంత్రం మీ పిల్లలను కొవ్వొత్తి ముక్క వంచమనండి, పుటుక్కున విరుగుతుంది. పాలిథిన్ కవర్ లాగమనండి, సాగుతుంది. రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. మైనం గొలుసులో కార్బన్లు ఇరవై, ముప్పై ఉంటే పాలిథిన్‌లో వేలు. గొలుసు పొడవైతే అణుభారం పెరుగుతుంది. పొడవాటి గొలుసులు పెనవేసుకుంటాయి కాబట్టి బలమూ పెరుగుతుంది.

ఇలాంటి గొలుసులున్నాయంటే ఒకప్పుడు ఎవరూ నమ్మలేదు. చెప్పినాయన హెర్మన్ స్టౌడింగర్. 1881లో జర్మనీలోని వర్మ్స్‌లో పుట్టారు. రబ్బరు లాంటివి పొడవైన గొలుసు అణువులని 1920లో రాశారు. అంత పెద్ద అణువులుండవు, అవి చిన్న అణువుల గుంపులే అన్నారు పేరున్న శాస్త్రవేత్తలు. ఆయన ప్రయోగాలతో జవాబిచ్చారు. రబ్బరుకు హైడ్రోజన్ కలిపారు. గుంపే అయితే విడిపోవాలి, విడిపోలేదు. ఒకే మోతాదులో కరిగించినా, అణుభారం ఎక్కువైతే ద్రావణం చిక్కగా ఉంటుందని కొలిచి చూపారు. భార్య మాగ్డా ఆయనతో కలిసి పనిచేశారు. 1953లో, 72 ఏళ్ల వయసులో, నోబెల్ బహుమతి అందుకున్నారు. 1965లో కన్నుమూశారు.

నేనూ ఒకసారి గైడ్‌లో లేదని ఒక జవాబును ఎర్ర పెన్నుతో కొట్టేశాను. అది సరైనదేనని తర్వాత తెలిసి, ఆ పాపకు సారీ చెప్పాను. మీ పిల్లలు కొత్త మాట అంటే మార్కులు పోతాయని ఆపకండి. ఎలా తెలిసిందో అడగండి.

మన అన్నవరం ప్రసాదం కట్టే ఆకులోని పీచు కూడా అలాంటి పొడవైన గొలుసే. ఈసారి కొండకు వెళ్లినప్పుడు ఆ ఆకును వాళ్ల చేతికివ్వండి.