ఆచార్య జగదీశ్ చంద్రబోస్

భారతీయులు తత్త్వచింతనలో రాణించగలరే కాని, కొలతకూ ప్రయోగానికీ కట్టుబడిన భౌతికశాస్త్రాన్ని బోధించే యోగ్యత వారికి లేదన్న అభిప్రాయం ఆంగ్లేయుల పాలనాకాలంలో విద్యాశాఖాధికారుల్లో బలంగా నాటుకొని ఉండేది. ఆ అభిప్రాయాన్ని వాదంతో కాక ఆచరణతో ఖండించిన మహనీయుడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్.

బోస్ 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో జన్మించాడు. తల్లి బామాసుందరీదేవి, తండ్రి భగవాన్ చంద్రబోస్. ఆంగ్లవిద్య ఒక్కటే హోదాకు చిహ్నంగా చెలామణి అయ్యే ఆ రోజుల్లో, ఉన్నతోద్యోగి అయి కూడా భగవాన్ చంద్రబోస్ తన కుమారుణ్ణి మాతృభాషలో బోధించే పాఠశాలలో చేర్పించాడు. అక్కడ రైతుల పిల్లల సరసన, జాలరుల పిల్లల సరసన కూర్చుని చదువుకున్న బాలునికి పశుపక్ష్యాదులపైన, జలచరాలపైన ఎనలేని ఆసక్తి కలిగింది.

పై చదువులకై కలకత్తా చేరిన బోస్ సెయింట్ జేవియర్స్ కళాశాలలో విద్యార్థి అయ్యాడు. అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఫాదర్ లాఫోన్ ప్రతి సూత్రాన్నీ పరికరాలతో ప్రదర్శించి బోధించేవాడు. పట్టభద్రుడైన పిదప బోస్ వైద్యవిద్య కోసం 1880లో లండను వెళ్ళాడు. అనారోగ్యం వల్ల ఆ చదువు సాగలేదు. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరి, ప్రకృతి శాస్త్రాలను అభ్యసించాడు. అక్కడ లార్డ్ రాలీ వంటి మేటి శాస్త్రజ్ఞుని శిష్యరికం లభించింది. 1884లో పట్టం పుచ్చుకొని, మరుసటి సంవత్సరం స్వదేశానికి తిరిగి వచ్చాడు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్య పదవి లభించింది. ఈ నియామకాన్ని అధికారులు మనస్ఫూర్తిగా అంగీకరించలేదు. అప్పటి నియమాల ప్రకారం ఐరోపావారి జీతంలో మూడింట రెండు వంతులే భారతీయులకు ముట్టేది. బోస్‌ది తాత్కాలిక నియామకమన్న నెపంతో అందులోనూ సగం తగ్గించారు. ఒకే తరగతి గదిలో ఒకే పాఠాన్ని చెప్పే వారిలో ఒకరికి పూర్తి జీతం, మరొకరికి అందులో మూడో వంతు! ఈ వివక్షను బోస్ సహించలేదు. అలాగని ఉద్యోగాన్ని విడిచిపెట్టలేదు, పాఠాన్ని నిర్లక్ష్యం చేయనూ లేదు. జీతం మాత్రం ముట్టలేదు.

ఈ నిరసన మూడేళ్ళు సాగింది. అప్పటికి తండ్రి స్వదేశీ పరిశ్రమల్లో నష్టపోయి ఋణగ్రస్తుడై ఉన్నాడు. 1887లో అబలాదేవితో బోస్‌కు వివాహమైంది. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆయన పట్టు సడలలేదు. తరగతిలో కళ్ళ ఎదుట ప్రయోగాలు చేసి చూపుతూ విద్యార్థుల మన్నన పొందాడు. చివరకు అధికారులే ఆయన సమర్థతను గుర్తించి, ఉద్యోగాన్ని స్థిరపరచి, గడచిన మూడేళ్ళకు పూర్తి జీతాన్ని చెల్లించారు. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి వినియోగపడింది.

కళాశాలలో పరిశోధనకు తగిన ప్రయోగశాల లేదు. బోస్ ఒక చిన్న గదిలో, స్థానికుడైన ఒక రేకుపని వాని సాయంతో పరికరాలు తయారు చేయించుకున్నాడు. పగలు బోధన, మిగిలిన వేళల్లో పరిశోధన ఆయన దినచర్య. కొన్ని మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల విద్యుదయస్కాంత తరంగాలను సృష్టించి, 1895లో కలకత్తా టౌన్‌హాలులో ప్రదర్శించాడు. గోడలను దాటి వెళ్ళిన ఆ తరంగాలు దూరాన ఉన్న గంటను మోగించాయి, తుపాకిమందును పేల్చాయి. తన ఆవిష్కరణల నుండి ధనార్జన చేయాలని ఆయన కోరుకోలేదు. అనంతర కాలంలో మొక్కల ప్రతిస్పందనలపై దృష్టి నిలిపి, వాటి పెరుగుదలను వేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ అనే పరికరాన్ని రూపొందించాడు.

సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా వంటి శిష్యులను తీర్చిదిద్దిన ఈ ఆచార్యుడు 1915లో పదవీ విరమణ చేశాడు. 1917 నవంబరు 30న, తన పుట్టినరోజునాడు, కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించాడు. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది. 1937 నవంబరు 23న గిరిడిలో కన్నుమూశాడు.

హక్కు కోసం పోరాడుతూనే కర్తవ్యాన్ని విస్మరించకపోవడం బోస్ జీవితంలోని విశిష్టత. జీతం ముట్టని ఆ మూడేళ్ళలో ఆయన పాఠం ఒక్కనాడు తేలికపడి ఉన్నా, భారతీయులకు యోగ్యత లేదన్న వాదానికి బలం చేకూరేది. ఆయన పాఠం తేలికపడలేదు. ఆ వాదమే వీగిపోయింది.