మొలొకాయి దీవిలో ఫాదర్ డేమియన్

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో మొలొకాయి ఒకటి. దాని ఉత్తరపు అంచున సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొద్దిపాటి నేల ఉంది. మూడు వైపులా అలలు, నాలుగో వైపు నిటారుగా లేచిన కొండలు. కుష్ఠువ్యాధి సోకినవారిని అందరికీ దూరంగా ఉంచాలని 1865లో హవాయి రాజ్యం చట్టం చేసింది. 1866 జనవరి నుంచి రోగులను ఓడల్లో తెచ్చి అక్కడ దింపసాగారు. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట అయ్యారు.

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లు సర్దుకుని కొత్త ఊరు వెళ్ళడం మనకు అలవాటే. కానీ మీకు అమ్మానాన్నలు తోడుంటారు. సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళవచ్చు. ఆ దీవికి పంపినవారిలో చాలామందికి తోడూ లేదు, తిరుగు ప్రయాణమూ లేదు.

1873 మే 10న, 33 ఏళ్ళ ఫాదర్ డేమియన్ అక్కడ అడుగుపెట్టారు. ఆయన 1840లో బెల్జియం దేశంలోని ట్రెమెలో గ్రామంలో, రైతు కుటుంబంలో పుట్టారు. హవాయికి రావలసింది నిజానికి ఆయన అన్నగారు. అన్న జబ్బుపడితే తమ్ముడు అడిగి మరీ బయలుదేరారు. మొలొకాయికి గురువులను వంతులవారీగా పంపాలని బిషప్ అనుకున్నారు. డేమియన్ మాత్రం తన వంతు అయిపోయినా వెనక్కి రాలేదు.

మొదట్లో ఆయన చెట్టు కిందే పడుకున్నారు. తర్వాత సుత్తి, రంపం పట్టారు. రోగులతో కలిసి ఇళ్ళు కట్టారు, నీటి గొట్టాలు వేశారు, చర్చిని పెద్దది చేశారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు. వారితో కలిసి తిన్నారు. చనిపోయినవారికి శవపేటికలు తానే చేసి, సమాధులు తవ్వారు. పాటలతో, బాజాలతో సాగనంపే ఏర్పాటు చేశారు. మరణం తర్వాత దేవుని దగ్గర కొత్త జీవితం ఉందన్న క్రైస్తవ నమ్మకాన్ని ఆయన వారికి ఇలా చేతలతో చూపారు. ప్రసంగాల్లో వారిని వేరుగా పిలవకుండా, తననూ కలుపుకుని, మనం అనేవారు.

ఆ ఒంటరితనం ఆయనకూ తప్పలేదు. ఒకసారి పై గురువు ఓడలో వచ్చారు, కానీ ఆయనను దిగనివ్వలేదు. డేమియన్‌ను ఓడ ఎక్కనివ్వలేదు. గురువు ఎదుట చెవిలో చెప్పుకోవలసిన తన తప్పులను, పడవలో నిలబడి అందరికీ వినబడేలా కేకవేసి చెప్పుకున్నారు.

1884 చివర్లో ఒకరోజు మరిగే నీళ్ళలో పాదం పెట్టినా ఆయనకు వేడి తెలియలేదు. వ్యాధి సోకిందని అర్థమైంది. అయినా పని మానలేదు. చివరి ఏళ్ళలో జోసెఫ్ డటన్, మదర్ మరియాన్ కోప్ వంటివారు తోడుగా వచ్చారు. 1889 ఏప్రిల్ 15న, 49 ఏళ్ళ వయసులో, డేమియన్ కన్నుమూశారు. 2009లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

ఇప్పుడు కుష్ఠువ్యాధి మందులతో పూర్తిగా నయమవుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇస్తుంది. హవాయిలో ఆ పాత నిర్బంధం 1969లో ముగిసింది. ఇష్టమైన చోటికి వెళ్ళవచ్చని చెప్పినా, అక్కడివారిలో కొందరు కదల్లేదు. బలవంతంగా పంపిన ఆ చోటే ఈలోగా వారికి సొంతూరు అయింది.