అక్కినేని నాగేశ్వరరావు

అక్కినేని నాగేశ్వరరావు (సెప్టెంబరు 20, 1924 - జనవరి 22, 2014) ప్రఖ్యాత తెలుగు సినిమా నటుడు, నిర్మాత. ఏ.ఎన్.ఆర్. అన్న పొడి అక్షరాలతో సుప్రసిద్ధుడు. 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని, తరువాత దాదాపు నలభై ఏళ్ళు జీవించాడు. హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోస్ ఈ రెండవ అంకంలోనే వెలిసింది.

బాల్యం, సినీరంగ ప్రవేశం

కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని రామాపురంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తల్లి పున్నమ్మ, తండ్రి వెంకటరత్నం. చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగిపోయింది. తరువాతి కాలంలో గుడివాడలోని కళాశాల ఆయన పేరుమీదనే వెలయడం విశేషం. స్త్రీలు రంగస్థలం మీదికి రావడం అరుదైన ఆ రోజుల్లో నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించి పేరు తెచ్చుకున్నాడు. విజయవాడ రైల్వే స్టేషనులో దర్శకనిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడటంతో శ్రీ సీతారామ జననం (1944) చిత్రంలో కథానాయకుడయ్యాడు. బాలరాజు (1948), దేవదాసు (1953) ఆయనను అగ్రశ్రేణిలో నిలిపాయి.

తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసులోనే కేంద్రీకృతమై ఉన్న 1960లలో నివాసాన్ని హైదరాబాదుకు మార్చుకున్నాడు. వృత్తిపరంగా అది సాహసమే.

గుండె జబ్బు, శస్త్రచికిత్స

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులలో కొవ్వు పేరుకొని దారి సన్నబడినప్పుడు ఛాతీ నొప్పి వస్తుంది. దారి హఠాత్తుగా మూసుకుపోతే గుండెపోటు వస్తుంది. 1974 నాటికి మన దేశంలో దీనికి మందులు, విశ్రాంతి తప్ప వేరే మార్గం దాదాపు లేదు. మహానటుడు ఎస్.వి.రంగారావుకు ఆ సంవత్సరం ఫిబ్రవరిలో హైదరాబాదులో గుండెపోటు వచ్చింది. జూలై 18న మద్రాసులో మరొకసారి రావడంతో కన్నుమూశాడు. అదే ఏడాది యాభయ్యవ పడిలో అడుగుపెట్టిన నాగేశ్వరరావు శస్త్రచికిత్స కోసం అమెరికా వెళ్ళాడు.

బైపాస్ అనే ఈ శస్త్రచికిత్సలో పూడుకుపోయిన భాగాన్ని శుభ్రం చేయరు, దానిని దాటి రక్తానికి కొత్త దారి వేస్తారు. కాలి నుండి సఫీనస్ అనే సిరను తీసి, ఒక కొనను బృహద్ధమనికి, మరొక కొనను అడ్డంకికి అవతల కరోనరీ ధమనికి కుడతారు. సిరలోని కవాటాలు రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయి కనుక దానిని తలక్రిందులుగా అమర్చాలి. రక్తనాళాలను కుట్టే పద్ధతిని రూపొందించిన అలెక్సిస్ కారెల్‌కు 1912లోనే నోబెల్ బహుమతి లభించింది. గుండె పనిని యంత్రానికి అప్పగించి జాన్ గిబ్బన్ తొలి విజయం సాధించినది 1953లో. కాలి సిరతో చేసే బైపాస్‌ను 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో ఒక క్రమపద్ధతిలోకి తెచ్చాడు. అంటే నాగేశ్వరరావు అమెరికా వెళ్ళేనాటికి ఈ విద్య వయసు ఏడేళ్ళే. భారతదేశంలో తొలి బైపాస్ మరుసటి సంవత్సరం, 1975లో, మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ చేతులమీదుగా జరిగింది. ఖర్చు భరించి విదేశానికి పోగలిగినవారికే అప్పట్లో ఈ అవకాశం ఉండేదన్నది గమనార్హం.

రెండవ అంకం

తిరిగివచ్చిన తరువాత విశ్రాంతి తీసుకుంటాడని అనుకోవడం సహజం. కాని ఆయన అప్పటికి రాళ్ళు రప్పలతో నిండి ఉన్న బంజారా హిల్స్ - జూబ్లీ హిల్స్ ప్రాంతంలో అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మాణానికి పూనుకున్నాడు. భార్య అన్నపూర్ణ పేరు పెట్టిన ఈ స్టూడియోను 1976లో అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించాడు. తెలుగు పరిశ్రమ మద్రాసు నుండి తరలిరావడానికి, ఆ కొండలు సినిమావారి నివాసాలుగా మారడానికి దోహదం చేసిన వాటిలో ఇది ముఖ్యమైనది.

సెక్రటరీ (1976), ప్రేమాభిషేకం (1981), మేఘసందేశం (1982), సీతారామయ్య గారి మనవరాలు (1991) శస్త్రచికిత్స తరువాతివే. ఈ చిత్రాలు లేని అక్కినేనిని ఊహించడం కష్టం. 1990 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2011లో పద్మవిభూషణ్ లభించాయి.

చివరి రోజులు

ప్రేమాభిషేకంలో కాన్సర్ రోగి పాత్ర ధరించిన నటునికి చివరకు నిజంగానే కాన్సర్ వచ్చింది. 2013 అక్టోబరులో ఆ సంగతిని తానే విలేఖరుల సమావేశంలో వెల్లడించాడు. కుమారుడు నాగార్జున, మనవడు నాగచైతన్యలతో కలిసి నటించిన మనం చిత్రంలో తన పాత్రకు అనారోగ్యంతోనే గాత్రం ఇచ్చాడు. 2014 జనవరి 22న హైదరాబాదులో మరణించాడు. మరునాడు అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మనం ఆ సంవత్సరం మే 23న విడుదలైంది.