తెలంగాణ నుంచి బొంబాయి వెండితెరకు: నటుడు పైడి జైరాజ్ జీవితం

భారతీయ చలనచిత్రం ఇంకా మూగగా ఉన్న రోజులలోనే వెండితెరపై అడుగుపెట్టి, సుమారు ఆరు దశాబ్దాల పాటు నటనా రంగంలో కొనసాగిన తెలుగువారు పైడి జైరాజ్. తెలంగాణ ప్రాంతం నుంచి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని అందుకున్న తొలి కళాకారుడు ఆయనే. హిందీ చిత్రసీమలో అంతటి పేరు గడించినప్పటికీ, ఆయన తెలుగువారన్న సంగతి స్వప్రాంతంలో చాలామందికి చాలా కాలం వరకు తెలియలేదు. ఇందుకు కారణాలు ఆయన ఎంచుకున్న మార్గంలోను, ఆనాటి హైదరాబాదు సంస్థాన పరిస్థితులలోను కనిపిస్తాయి.

జైరాజ్ పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. ఆయన 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదువుకునే రోజులలోనే ఆయనకు నటన పట్ల ఆసక్తి కలిగింది.

ఆ కాలంలో హైదరాబాదు రాజ్యంలో కళాపోషణకు కొదవ లేదు. ప్రస్తుత జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పరిధిలోని గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల ప్రభువులు కవులను, పండితులను ఆదరించారు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు కూడా వచ్చింది. అయితే ఆ ఆదరణ ప్రధానంగా కవిత్వానికి, పాండిత్యానికి లభించినది. చలనచిత్రం అప్పటికి కొత్త కళ. దానికి అటువంటి ఆశ్రయం ఏర్పడలేదు. బెంగాల్‌కు చెందిన ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి కొన్ని మూకీ చిత్రాలను నిర్మించారు. 1924లో రజియా బేగం చిత్ర ప్రదర్శనపై ఆగ్రహించిన నిజాం ప్రభుత్వం ఆయనను రాజ్యం విడిచి వెళ్ళవలసిందిగా ఆదేశించింది. దీనితో నగరంలో మొలకెత్తిన చిత్ర నిర్మాణం అంతటితో ఆగిపోయింది. సినిమాలలో నటించదలచిన హైదరాబాదు యువకునికి ఆ తరువాత ఊరు దాటి వెళ్ళడం తప్ప మరో దారి లేకపోయింది.

జైరాజ్ 1929లో బొంబాయి చేరుకున్నారు. అదే సంవత్సరం జగమగతి జవానీ అనే మూకీ చిత్రంలో తొలిసారి నటించారు. 1930లో వచ్చిన రసీలీ రాణీ చిత్రంతో కథానాయకునిగా నిలదొక్కుకున్నారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయ్యే నాటికే ఆయన బొంబాయిలో పేరున్న నటుడు కావడం గమనార్హం.

1931లో ఆలం ఆరాతో భారతీయ చలనచిత్రం మాటలు నేర్చింది. ఈ మార్పు మూకీ నటులకు పెద్ద పరీక్షగా పరిణమించింది. రూపం, అభినయం ఉన్నా సంభాషణలు స్పష్టంగా పలకలేనివారు క్రమంగా కనుమరుగయ్యారు. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదులో చదువుకొని ఉండడం ఈ దశలో జైరాజ్‌కు ఎంతగానో తోడ్పడింది. 1932లో వచ్చిన షికారీ ఆయన తొలి టాకీ చిత్రం. 1938లో బాంబే టాకీస్ సంస్థ నిర్మించిన భాభీ చిత్రంలో ఆయన కథానాయకుడు. 1943లో అదే సంస్థ నిర్మించిన హమారీ బాత్ చిత్రంలో దేవికారాణి సరసన నటించారు. దేవికారాణి నటించిన చివరి చిత్రం అదే. 1951లో నర్గీస్ కథానాయికగా సాగర్ చిత్రాన్ని స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించారు.

ఆజానుబాహువైన జైరాజ్ చారిత్రక, జానపద పాత్రలలో విశేషంగా రాణించారు. హాతిమ్‌తాయి (1956), పృథ్వీరాజ్ చౌహాన్ (1959), టిపు సుల్తాన్ (1959), వీర్ దుర్గాదాస్ (1960) చిత్రాలు ఆయనకు దేశవ్యాప్తంగా ఖ్యాతిని తెచ్చాయి. 1963లో చంద్రశేఖర్ ఆజాద్ జీవిత కథా చిత్రంలో ప్రధాన పాత్ర పోషించారు. ఏ రజియా కథ కారణంగా హైదరాబాదులో చిత్ర నిర్మాణం నిలిచిపోయిందో, ఆ రజియా జీవితం ఆధారంగా 1961లో వచ్చిన హిందీ చిత్రంలోను ఆయన నటించారు. గాంధీజీ హత్య ఇతివృత్తంగా 1963లో వచ్చిన నైన్ అవర్స్ టు రామా అనే ఆంగ్ల చిత్రంలో పారిశ్రామికవేత్త బిర్లా పాత్ర ధరించారు. 1966లో మాయా అనే మరో ఆంగ్ల చిత్రంలో కనిపించారు.

వయసు మీరిన తరువాత ఆయన నటనను విడిచిపెట్టలేదు. కథానాయక పాత్రల నుంచి సహాయ పాత్రలకు మారడాన్ని చిన్నతనంగా భావించలేదు. షోలే (1975)లో పోలీసు కమిషనరుగా కనిపించినది ఆయనే. డాన్ (1978) వంటి చిత్రాలలోనూ నటించి, మూకీ తరం ప్రేక్షకుల మనుమలకు సైతం పరిచయమయ్యారు.

భారత ప్రభుత్వం 1980 సంవత్సరానికి గాను ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని ప్రకటించింది. తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి తరువాత ఈ గౌరవం పొందిన రెండవ వ్యక్తి జైరాజ్. తెలుగు కథాచిత్రాలలో నటించకుండానే ఈ పురస్కారం అందుకున్న తెలుగు నటుడు కావడం ఆయన ప్రత్యేకత. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు కేంద్రంగా ఎదిగే సమయానికి ఆయన జీవితం బొంబాయితో ముడిపడిపోయింది. ఆ కారణంగానే తెలుగు సినిమా చరిత్రలు ఆయనను తమ పరిధిలోకి తీసుకోలేదు. హిందీ ప్రేక్షకులు ఆయన స్వస్థలాన్ని పట్టించుకోలేదు.

జైరాజ్ 2000 ఆగస్టు 11న ముంబయిలో తమ 90 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన అనంతరం హైదరాబాదులోని రవీంద్రభారతి ప్రాంగణంలో ఏర్పాటైన ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. యువ దర్శకులు తమ చిత్రాలను ప్రదర్శించుకునే వేదికకు ఆయన పేరు ఉండడం సముచితం. ఒకనాడు అటువంటి వసతి లేకనే ఆయన స్వస్థలాన్ని విడిచి వెళ్ళారు.

మూకీ యుగపు భారతీయ చిత్రాలలో అత్యధిక భాగం నశించిపోయాయి. అందువలన జైరాజ్ తొలినాటి నటనను అంచనా వేయడానికి నాటి పత్రికలు, గోడపత్రికలు, పాటల పుస్తకాలు, ఛాయాచిత్రాలే ముఖ్య ఆధారాలు. కరీంనగర్ మొదలుకొని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వరకు పాత గ్రంథాలయాలలో, సినిమా హాళ్ళలో, ఇళ్ళలో ఇటువంటి సామగ్రి ఇంకా మిగిలి ఉంటే, అది శిథిలం కాకముందే సేకరించి భద్రపరచవలసి ఉంది. ఒక నటుని పేరును భవనానికి పెట్టడం గౌరవం. ఆయన కృషికి సంబంధించిన ఆధారాలను రాబోయే తరాలకు అందించడం బాధ్యత.