జాన్ బాయ్డ్ డన్‌లప్ గారి చరిత్రము

టైరు ప్రక్కగోడపై అచ్చొత్తఁబడియుండు అంకెలను మన విద్యార్థు లందఱును చూచియే యుందురు. కాని వాని యర్థ మెఱిఁగినవారు కొందఱే. పెట్రోలుతోను విద్యుచ్ఛక్తితోను గూడ నడచు హైబ్రిడ్ కార్లు వచ్చిన పిమ్మట నీ యంకెలు పెద్దలకు సైతము చిక్కు తెచ్చుచున్నవి. అట్టి క్రొత్త కార్లలో కొన్నింటి చక్రముల కొలతలు దుకాణములలో సామాన్యముగా దొరకు టైర్ల కొలతలతో సరిపడవు. ఈ వింత కొలతలు ఏల పుట్టినవి? వీనివలన కలుగునది లాభమా, నష్టమా? ఈ ప్రశ్నలకు సమాధానము కోరువారు గాలిటైరును లోకమున వాడుకలోనికి తెచ్చిన జాన్ బాయ్డ్ డన్‌లప్ గారి చరిత్రమును తెలిసికొనుట మంచిదని తలంచి, దానిని మేము సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

డన్‌లప్ గారు 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమందలి డ్రెగ్‌హార్న్ గ్రామమున నొక కర్షక కుటుంబములో జన్మించిరి. నెలలు నిండకమున్నే పుట్టెనని తలిదండ్రులు చెప్పుటచేత, తన దేహము దుర్బలమని నమ్మి యాయన మిగుల జాగ్రత్తతో మెలఁగుచుండెడివారు. ఎడింబరో నగరమున పశువైద్యము నభ్యసించి, అచ్చటనే కొన్నియేండ్లు ఆ వృత్తి నెఱపి, 1867లో ఐర్లండు దేశమునకు వలసపోయిరి. పిదప బెల్ఫాస్టు నగరమున వారు నెలకొల్పిన పశువైద్యశాల ఆ దేశమందలి పెద్ద వైద్యశాలలలో నొకటిగా పేరు గాంచెను. యంత్రశిల్పము ఆయన వృత్తి కాదు. గుఱ్ఱములకును పశువులకును చికిత్స చేయుటయే ఆయన నిత్యకృత్యము.

ఆ కాలపు చక్రము లెట్టివో బాలు రూహింపవలెను. మన యెడ్లబండి చక్రమునకు కుండయు, ఆకులును, పూటీలును, వానిపై ఇనుపపట్టాయు నుండునుగదా. సీమలోని గుఱ్ఱపుబండ్లకును ఇనుపపట్టాలే యుండెడివి. సైకిళ్లకు మాత్రము గట్టి రబ్బరు కట్టెడివారు. గట్టి రబ్బరు చప్పుడును కొంత తగ్గించునుగాని కుదుపును అంతగా తగ్గింపఁజాలదు. బెల్ఫాస్టు వీథులు రాళ్లు పఱచినవి. డన్‌లప్ గారి చిన్నకుమారుఁడు తన మూఁడుచక్రముల బండి నా రాళ్లపై త్రొక్కలేక శ్రమపడుచుండఁగా తండ్రి చూచి, యా కుదుపు నెట్లు తగ్గింపవచ్చునని యాలోచింపసాగిరి.

1887వ సంవత్సరమున నాయన యొక కొయ్యబిళ్లను చక్రముగా చేసి, పలుచని రబ్బరుతో గొట్టము నంటించి, దానిని గుడ్డతో కప్పి బిళ్లచుట్టును బిగించి, బంతికి గాలికొట్టు పంపుతో గాలి నింపిరి. పిమ్మట ఆ బిళ్లను, కుమారుని బండిచక్రమును తన పెరటిలో సమానమైన బలముతో దొర్లించిరి. కుమారుని బండిచక్రము నడిమిలోనే పడిపోయెను. గాలి నింపినది పెరటి కడదాఁక పోయి, అడ్డు తగిలి వెనుకకు దుమికెను. పెద్ద ప్రయోగశాలయు, విస్తారమైన ధనమును లేకయే, కన్నకొడుకు కష్టమును కనిపెట్టిన తండ్రి పెరటిలో జరిగిన పరీక్ష యిది.

1888వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించెను. కాని వెంటనే యొక యిబ్బంది కలిగెను. లావైన ఆ గాలిటైరు ఆనాఁటి సైకిళ్ల చట్రములలో నిముడలేదు. దానికొఱకు వెడల్పైన చట్రములను ప్రత్యేకముగా చేయింపవలసి వచ్చెను. కనుక నేఁడు మనము సర్వసామాన్యమని తలంచు టైరు పుట్టిననాఁడు ఏ బండికిని సరిపడని వింత కొలతయే యయ్యెను. 1889వ సంవత్సరము మే నెలలో బెల్ఫాస్టు పందెములకు విల్లీ హ్యూమ్ అనునతఁడు అట్టి సైకి లెక్కి వచ్చినప్పుడు, ఆ లావు టైర్లను చూచి జనులు నవ్విరి. పందెములు ముగియునప్పటికి నవ్వినవారే యాశ్చర్యపడిరి. హ్యూమ్ తాను పాల్గొన్న పందెము లన్నిటను గెలిచెను. ఆ విజయమును గమనించిన హార్వీ డు క్రో అను వర్తకుఁడు ముందునకు రాఁగా ఆ యేఁటనే డబ్లిన్ నగరమున టైర్ల కంపెనీ స్థాపితమయ్యెను.

ఇట్లు కార్యము సానుకూలమగుచుండఁగా 1890వ సంవత్సరమున డన్‌లప్ గారికి గొప్ప విఘాతము తటస్థించెను. ఆయన పేటెంటు చెల్లదని తేలెను. గాలిటైరు నాయనకంటె నలువదియేండ్లకు మించి ముందుగానే మఱియొకఁడు కనిపెట్టియుండెను. అతఁడును స్కాట్లండువాఁడే; పేరు రాబర్ట్ విలియం తామ్సన్. బంధువు లతనిని మతబోధకునిగా చేయఁదలఁచిరిగాని, లాటిను భాష వంటఁబట్టక, పదునాలుగవయేఁట పాఠశాల విడిచి, స్వయంకృషిచే శాస్త్రములు నేర్చెను. ఇరువదిమూఁడేండ్ల వయస్సున, 1845లో, రబ్బరుగుడ్డ గొట్టముపై తోలు తొడిగి గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. అతని చక్రములలో నొక జత 1,200 మైళ్లు పరుగెత్తెను. అయినను ఆనాఁడు తగిన పలుచని రబ్బరు చౌకగా దొరకలేదు; దానిని కోరు తేలికబండ్లును లేవు. అందుచే ఆ కల్పన మఱవఁబడెను. 1873లో తామ్సన్ మరణించెను. డన్‌లప్ గారు అతని కృషి నెఱుఁగకయే తిరిగి కనిపెట్టిరి. కాని న్యాయశాస్త్రము ఎఱుఁగమిని లెక్కసేయదు. ముందు పుట్టినదే మొదటిదిగా నెంచును.

ఈ దెబ్బతో కంపెనీ మూఁతపడలేదు. మొదటి టైర్లు చక్రమునకు అంటింపఁబడియుండుటచే, పంక్చరు పడినప్పుడు బాగుచేయుట మిక్కిలి కష్టముగా నుండెను. 1890లో వెల్చ్ అనునతఁడు టైరు అంచులలో తీగెలు పొదిగి, నడిమి పల్లముగల రిమ్ములో దానిని కూర్చు విధమును కనిపెట్టెను. బార్ట్‌లెట్ అనునతఁడు వేఱొక విధమును చూపెను. కంపెనీ ఆ హక్కులను కొని నిలద్రొక్కుకొనెను. టైరు రిమ్మునుండి విడివడు వస్తు వైన నాఁటినుండియే కొలత ముఖ్యమయ్యెను. రిమ్ము కొలతయు టైరు కొలతయు ఒండొంటితో సరిగా కలిసిననే యవి పనికివచ్చును.

డన్‌లప్ గారు 1895వ సంవత్సర ప్రాంతమున కంపెనీనుండి తొలఁగిరి. 1896లో అది ముప్పది లక్షల పౌండ్లకు అమ్ముడుపోయెను. ఆ మహాధనములో నాయనకు దక్కినది బహు స్వల్పము. డబ్లిన్ నగరమున బట్టల వ్యాపారములో పాలుపంచుకొని, నిరాడంబరముగా జీవించి, 1921వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన, ఎనుబదియొకటవ యేఁట, ఆయన పరమపదించిరి. పేరు మాత్రము నిలిచెను. 1936లో వంగదేశమున సాహాగంజ్‌లో ఆ పేరుతోనే టైర్ల కర్మాగారము వెలసి, బహుకాలము పనిచేసెను. మన డెల్టాలోని టైరుబండ్లును ఆయన పెరటిలోని కొయ్యబిళ్ల సంతతియే.

ఇఁక నేఁటి హైబ్రిడ్ కార్ల విషయము. 2022వ సంవత్సరాంతమున వెలువడిన అయిదవ తరపు టొయోటా ప్రియస్ కారులో కొన్ని రకములకు 195/50 ఆర్ 19 అను టైర్లు అమర్చిరి. 195 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 50 అనఁగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటి కేఁబదివంతు, అనఁగా 97.5 మిల్లీమీటర్లు. 19 రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. లెక్కవేసినచో చక్రము మొత్తము అడ్డుకొలత సుమారు 678 మిల్లీమీటర్లగును. ఇంత పెద్ద రిమ్మునకు సాధారణముగా ఇంతకంటె వెడల్పైన టైరు వేయుదురు. ఇట్లు సన్నముగాను ఎత్తుగాను చేయుటకు కారణము కలదు. నేలకు తగులుచోట టైరు నొక్కుకొని మరల సాగునప్పుడు కొంత శక్తి వేఁడిమిగా మాఱి వ్యర్థమగును. చక్రము పెద్దదైనకొలఁది ఈ వంపు తగ్గును. టైరు సన్నమైనకొలఁది ఎదురుగాలి తక్కువగా తగులును. పెట్రోలు పొదుపే హైబ్రిడ్ కారు పరమప్రయోజనము గనుక దాని కర్తలు ఇట్టి చక్రము నెన్నుకొనిరి. బండిచక్రము పెద్దదైనచో గుంతలు సులభముగా దాఁటునని మన పూర్వు లెఱిఁగినదియు ఈ జాతి జ్ఞానమే.

అయితే అరుదైన కొలతను కొందఱే తయారుచేయుదురు. వెల యెక్కువ యుండును. అత్తిలివంటి యూర, రాత్రివేళ టైరు పగిలినచో, అట్టిది తాడేపల్లిగూడెమునను దొరకకపోవచ్చును. అప్పుడు దొరకిన వేఱు కొలతను తొడుగుట తగదు. బరువు నోర్చు శక్తియు, వేగము చూపు ముల్లును తాఱుమాఱగును. కావున కారు కొనఁదలఁచిన తలిదండ్రులు రంగును చూచుటతోపాటు టైరుపైని అంకెలను చదివి, అట్టి టైరు సమీపమున దొరకునా యని విచారించుట వివేకము.

విద్యార్థులారా! తామ్సన్ చక్రము మంచిదే; కాని దానికి వలయు రబ్బరును, తేలికబండ్లును లేనందున మఱుగుపడెను. డన్‌లప్ టైరు వింతదే. కాని చట్రము చేయువాఁడు, పందెమాడువాఁడు, రిమ్ము కనిపెట్టినవాఁడు, పంక్చరు వేయువాఁడు కలిసి దానిని లోకసామాన్యము గావించిరి. క్రొత్తదానిని చూచి నవ్వకుఁడు, క్రొత్తదగుటచేతనే కొనియాడకుఁడు. అది మాఱుమూల గ్రామమందలి వానికిని అందునా యని యడుగుఁడు. నాట్లు వేసినవారే కోఁతకు వత్తురను నియమము లేదని మన పొలములు నేర్పుచున్నవి. ఫల మెవరికి దక్కినను, పొరుగువాని కుదుపును తగ్గింప యత్నించిన శ్రమ దేవుని యెదుట వ్యర్థము కాదు.