మంచు లోతు కొలవబోయిన వెగెనర్

ఈసారి గోడపత్రికలో నేను ఆల్ఫ్రెడ్ వెగెనర్ గారి జీవితం రాస్తున్నాను.

ఆయన 1880 నవంబర్ 1న జర్మనీలోని బెర్లిన్‌లో పుట్టారు. చదివింది నక్షత్రాల శాస్త్రం. మనసు మాత్రం గాలి మీద, మంచు మీద. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి బెలూన్ ఎక్కి 52 గంటలకు పైగా ఆకాశంలోనే ఉన్నారు. (నాకు మా ఊరి బస్సులో రెండు గంటలకే వాంతి వస్తది.) ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని, తర్వాత జరిగాయని 1912లో చెప్పింది కూడా ఆయనే. అది మనకు పాఠంలో ఉంది, మళ్ళీ రాయను.

ఉత్తర ధ్రువం దగ్గర గ్రీన్‌లాండ్ అనే పెద్ద దీవి ఉంది. చాలావరకు మంచే. అక్కడికి ఆయన నాలుగుసార్లు పోయారు. మొదటిసారి గాలిపటాలకు, తాడు కట్టిన బెలూన్లకు పరికరాలు తగిలించి పైన చలి ఎంతో కొలిచారు. తర్వాత ఆ మంచు ఎంత మందమో తెలుసుకోవాలనుకున్నారు. అంత లోతు తవ్వలేరు కదా. అందుకని మంచు మీద మందుగుండు పేల్చి, ఆ అదురు అడుగున రాతికి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టారు. గుట్ట ముందు కేకేస్తే మన కేక మనకే వినిపిస్తది, అట్లనే. దీవి నడుమ మంచు రెండు కిలోమీటర్లకు పైనే ఉందని 1931లో ఆయన బృందం తేల్చింది. అప్పటికి ఆయన లేరు.

ఇప్పుడు ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. 2002లో ఒకదాని వెనక ఒకటి తిరిగే రెండింటిని పంపారు. కింద బరువు ఎక్కువున్న చోట ముందుది కొంచెం ముందుకు లాగబడి, రెండింటి నడుమ దూరం మారుతది. దాన్నిబట్టి మంచు బరువు లెక్క తీస్తారు. 2018లో కొత్త జంటను పంపారు. గ్రీన్‌లాండ్ ఏటా సగటున 25 వేల కోట్ల టన్నులకు పైగా మంచు పోగొట్టుకుంటున్నదని అట్ల తెలిసింది. ఆ నీళ్ళన్నీ సముద్రంలోకే.

ఇక ఆయన ఎట్ల చనిపోయారో రాస్తాను. 1930లో తీరం నుంచి 400 కిలోమీటర్ల లోపల, మంచు నడుమ ఇద్దరు శాస్త్రవేత్తలు చలికాలమంతా ఉండి కొలతలు తీయాలి. వాళ్ళకు సామాను చాలలేదు. సెప్టెంబర్ 21న వెగెనర్, లోవె అనే ఆయన, 13 మంది గ్రీన్‌లాండ్ వాళ్ళు 15 కుక్కబండ్లతో బయల్దేరారు. చలికి తట్టుకోలేక అందరూ వెనక్కి మళ్ళారు, ఒక్క రాస్మస్ విల్లుమ్సెన్ తప్ప. అతను ఆ దేశపు మనిషే. వయసు 23. ముగ్గురూ అక్టోబర్ 30న చేరారు. లోవె గారి కాలివేళ్ళు చలికి చచ్చుబడిపోయి అక్కడే ఆగారు. తిండి ఐదుగురికి చాలదు. అందుకని నవంబర్ 1న, తన 50వ పుట్టినరోజున, వెగెనర్ రాస్మస్‌తో తిరుగు ప్రయాణమయ్యారు.

దారిలో వెగెనర్ చనిపోయారు. రాస్మస్ ఆయన శరీరాన్ని గుడ్డలో కుట్టి, మంచులో పాతిపెట్టి, గుర్తుగా మంచు మీద జారే చెక్కలు నిలబెట్టాడు. డైరీ తీసుకుని ఒక్కడే నడిచాడు. 1931 మే నెలలో వెగెనర్ సమాధి ఆ చెక్కల వల్లనే దొరికింది. రాస్మస్ దొరకలేదు. డైరీ కూడా లేదు.

మా తాత అడవి కొలవడానికి వచ్చిన సార్లకు ఇరవై రోజులు దారి చూపించిండు. కాగితంలో ఆయన పేరు లేదు. అది గుర్తొచ్చి రాస్మస్ గురించి ఎక్కువ రాశాను.

ఇద్దరూ బయల్దేరిన రోజు తీసిన ఫొటో ఒకటి ఉంది. కింద బొమ్మ దాన్ని చూసి వేసిందే. ఎవరు ఎవరో పేర్లు రాశాను.