మోట దగ్గర యోగి

యోగా అంటే మనకు గుర్తొచ్చేది జూన్ 21, మ్యాట్లు, సూర్యనమస్కారాలు, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. 2015 నుంచి ప్రపంచమంతా ఆ రోజు యోగా డే. కానీ మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అంతకు చాలా ముందే ఒక మాదిగ జీతగాడిని జనం మహాయోగి అన్నారు. ఆయనే దున్న ఇద్దాసు.

ఇద్దాసు 1811లో నల్లగొండ ప్రాంతంలో పుట్టాడు. దున్న అనేది ఇంటి పేరు. అప్పుడు నిజాం పాలన. మాదిగ పిల్లవాడికి బడి లేదు, గుడిలోకి రానివ్వరు. మిగిలింది జీతం ఉండటం, మోట కొట్టడం. మన జనరేషన్‌కి మోట తెలియదు. కరెంటు మోటార్లు రాకముందు ఎడ్లు ఏటవాలు దారిలో దిగుతూ తాడు లాగితే, బావిలోంచి తోలు బొక్కెన నీళ్లతో పైకొచ్చేది. మళ్లీ ఎడ్లను వెనక్కి నడిపించాలి. పొద్దంతా అదే పని. ఆ తోలు కుట్టేది మాదిగలే. ఆ నీళ్లతో ఊరు పంట పండించుకునేది, వాళ్లు ముట్టిన కుండలో నీళ్లు మాత్రం తాగేది కాదు.

ఇద్దాసు గురువు దగ్గర పంచాక్షరి ఉపదేశం తీసుకుని సాధన మొదలుపెట్టాడు. ఆయన మోట దగ్గర ధ్యానంలో ఉండిపోతే ఎడ్లు వాటంతట అవే నడిచేవని జనం కథ చెప్పుకుంటారు. మహిమ సంగతి పక్కన పెడదాం. ఎడ్లు పోవడం, రావడం. ఊపిరి పోవడం, రావడం. ఈ కథ చెప్పినవాళ్లకు యోగా అంటే ఏంటో బాగా తెలుసు అనిపిస్తుంది నాకు. జీతగాడికి పని మానేసి అడవికి పోయే వీలుండదు. సాధన పనిలోనే దొరకాలి.

ఆయన తత్వాలు కట్టి పాడాడు. రాత్రి భజనల్లో విన్నవాళ్లు నేర్చుకున్నారు, అట్లా నోటి నుంచి నోటికి నడిచాయి. దేహమే గుడి, శ్వాసే మంత్రం అనేది తత్వాల దారి. గుడి బయట నిలబెట్టిన మనిషి ఆ మాట నమ్మితే అది వేదాంతం మాత్రమే కాదు, ఊరికి జవాబు కూడా. వేరే కులాలవాళ్లూ ఆయనకు శిష్యులయ్యారు.

1919లో, 108 ఏళ్ల వయసులో ఇద్దాసు కన్నుమూశాడు. ఇప్పుడు తెలంగాణ తొలి దళిత కవి అని చెప్తున్నారు. పుస్తకాల్లోకి ఆ పేరు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా కాపాడింది భజన పాడేవాళ్లే.

సెలవులకు ఊరెళ్తే భజన చేసే తాతలను ఇద్దాసు తత్వం ఒకటి పాడమని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.